ఎర్ర మీటను ఏమరిస్తే.. ఎక్కడి బండి అక్కడే!

నరసాపురం: అర్ధరాత్రి దాటింది. రొయ్యల చెరువు మీద కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగిపోయాయని, జనరేటరు బ్యాటరీ పనిచేయడం లేదని కాపలాదారు కబురు చేశాడు. ఇంట్లో ఉన్న మరో బ్యాటరీని మోటారు సైకిలుకు కట్టి రైతు బయలుదేరబోయాడు. బండి స్టార్టు కాలేదు. పెట్రోలు నిండుగా ఉంది. తాళం తిప్పితే దీపాలు వెలుగుతున్నాయి. వీధి చివరిదాకా తోసినా ఇంజను పలకలేదు. చివరకు పొరుగింటి తలుపు తట్టి, వారి బండి మీద చెరువుకు చేరేసరికి రొయ్యలు నీటి పైకి తేలుతున్నాయి.

తెల్లారాక బండిని షెడ్డుకు తోసుకెళితే ఇంజనులో ఏ లోపమూ లేదని తేలింది. కుడి చేతి హ్యాండిలు మీద ఉండే ఎర్ర మీటలో చిలుము పట్టింది. మెకానిక్కు దాన్ని విప్పి తుడిచి బిగించడానికి పావుగంట పట్టింది.

పశ్చిమ గోదావరి జిల్లా తీర గ్రామాల్లో ఇలాంటి అవస్థ కొత్త కాదు. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది. ఆ వేళలో ఏరియేటర్లు ఆగితే ప్రతి నిమిషమూ లెక్కే. పెట్టుబడంతా నీటిలో పోసిన రైతుకు బండి మొరాయిస్తే కలిగే నష్టం ఇంతా అంతా కాదు.

మీట పని ఏమిటి?

తాళంతో పనిలేకుండా ఇంజనును తక్షణం ఆపడానికి ఈ మీటను అమర్చారు. కిల్ స్విచ్ అని, ఇంజను స్టాప్ అని దీన్ని పిలుస్తారు. ఇప్పటి బండ్లలో ఎక్కువ వాటికి మీట 'ఆన్'లో ఉంటేనే ఇంజను మండటానికి కావలసిన కరెంటు అందుతుంది. లోపలి రాగి, ఇత్తడి రేకులు ఒకదానికొకటి సరిగా ఆనకపోతే కరెంటు అందక ఇంజను ఆగుతుంది.

మ్యాగ్నెటో పద్ధతిలో నడిచే పాత బండ్లు, మోపెడ్లలో వ్యవహారం తిరగబడుతుంది. వాటిలో మీట నొక్కితే కరెంటు బండి బాడీకి 'ఎర్త్' అయి స్పార్కు ఆగిపోతుంది. అందువల్ల రేకులకు చిలుము పడితే బండి ఆగనంటుంది. మీట వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే మాత్రం ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్టు కాదు.

ఉప్పుగాలి, తడి చేతులు

సముద్రపు గాలిలోని ఉప్పు తేమ రేకులను తినేస్తుంది. దీనికితోడు చెరువులో దిగిన తడి చేతులతోనే రైతులు హ్యాండిలు పట్టుకుంటారు. బండి కడిగేటప్పుడు నీటి గన్నును నేరుగా మీటల మీదికి పెట్టడం మరో తప్పు. నీరు లోపలికి దూరి ఆరక నిలిచిపోతుంది. నెలల తరబడి కదపని మీటకు చిలుము త్వరగా పడుతుంది.

బండి మొరాయిస్తే..

ముందుగా ఎర్ర మీట 'ఆన్'లో ఉందో లేదో చూడాలి. సంతలోనో, బడి దగ్గరో నిలిపిన బండి మీటను పిల్లలు ఆటగా నొక్కిపోతుంటారు. ఆన్‌లోనే ఉంటే పదిసార్లు అటూ ఇటూ నొక్కి మళ్లీ ప్రయత్నించాలి. పైపై చిలుము రాలి బండి అందుకోవచ్చు. అయితే అది ఆ పూట గడవడానికే.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 మోటారు సైకిళ్లలో చాలావాటికి పెట్రోలు పంపు ఉంటుంది. అలాంటి బండ్లలో తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు ట్యాంకులో గుయ్‌మని శబ్దం వస్తుంది. ఆ శబ్దం రాకపోతే ఎర్ర మీటను, ఫ్యూజును అనుమానించాలి. కొన్ని బండ్లు సైడు స్టాండు తీయకపోయినా, గేరులో ఉన్నా స్టార్టు కావు. అదీ చూసుకోవాలి.

ఇంజను నడుస్తుండగా హ్యాండిలును ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూడాలి. ఒక పక్కకు తిప్పినప్పుడే ఆగిపోతుంటే లోపం మీటలో కాక, హ్యాండిలు మెడ దగ్గర నలిగిన వైరులో ఉండవచ్చు.

శుభ్రం చేయడం ఇలా

వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మీటను శుభ్రం చేయించడం మంచిది. తాళం తీసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాకే పని మొదలుపెట్టాలి. మీట పెట్టెకు సాధారణంగా రెండు స్క్రూలు ఉంటాయి. లోపలి చిన్న స్ప్రింగు, గోళీ ఎగిరి పడిపోకుండా కింద గుడ్డ పరచుకోవాలి. కాంటాక్ట్ క్లీనర్ చల్లి పాత పళ్ల బ్రష్షుతో చిలుము పోయేలా రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. మొండి చిలుమును జీరో ఎమరీ కాగితంతో పైపైన తీయాలి. ఆ తర్వాత కొద్దిగా డైఎలక్ట్రిక్ గ్రీజు పూస్తే తేమ ఆగుతుంది. రేకులు అరిగితే మీట మార్చడమే మేలు. గ్యారంటీలో ఉన్న బండిని కంపెనీ షెడ్డుకే తీసుకెళ్లాలి.

ఎర్ర మీటతో ఇంజను ఆపి, తాళం ఆన్‌లోనే వదిలి ఇంట్లోకి పోయేవారూ ఉన్నారు. వెనుక దీపం, మీటరు దీపం వెలుగుతూనే ఉండి తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది.

'డైరెక్టు' చేస్తే ముప్పే

తరచూ ఇబ్బంది పెడుతోందని కొందరు మీట వైర్లు రెండూ కలిపి 'డైరెక్టు' చేయించుకుంటున్నారు. బండి నడుస్తుంది గానీ ప్రమాదంలో ఆసరా పోతుంది. యాక్సిలరేటరు వైరు బిగుసుకుని బండి దూసుకుపోతుంటే, హ్యాండిలు వదలకుండా బొటనవేలితో ఇంజను ఆపగలిగేది ఈ మీటతోనే. బండి పక్కకు పడినప్పుడు ఇంజను నడుస్తూ చక్రం తిరుగుతుంటే చీర కొంగు, పంచె, కాలు చిక్కుకోవచ్చు. పెట్రోలు కారితే అంటుకునే ప్రమాదమూ ఉంది. లేవనెత్తడానికి పరుగెత్తుకొచ్చినవారు సైతం ముందు ఆ మీటనే నొక్కాలి.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఎందుకు? చెరువు మీదికైనా, ఆసుపత్రికైనా రాత్రివేళ బండి అక్కర ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. సాయంత్రం బండి నిలిపేటప్పుడు ఎర్ర మీటను ఒకసారి నొక్కి, ఇంజను ఆగుతోందో లేదో, మళ్లీ అందుకుంటోందో లేదో చూసుకోవడానికి అర నిమిషం చాలు.