పంటకాల గణనలో తేదీలు, వ్యవధులు: ప్రోగ్రామింగ్‌లో పాటించవలసిన జాగ్రత్తలు

యాభై శాతం పూతకు పట్టిన రోజులు, పంటకాలం, రెండు తడుల మధ్య ఎడం మొదలైనవన్నీ తేదీల మధ్య వ్యత్యాసాలే. రెండు రకాల మధ్య కాలపరిమితిలో తేడా పలు సందర్భాలలో రెండు, మూడు రోజులకు మించదు. గణనలో ఒక్క రోజు పొరపాటు జరిగినా లేని తేడా ఉన్నట్లు, ఉన్న తేడా లేనట్లు ఫలితాలలో కనిపించవచ్చును. ఇటువంటి పొరపాటును ప్రోగ్రామ్ హెచ్చరికగా చూపదు. అది పట్టికలో సక్రమమైన అంకెగానే నిలిచిపోతుంది.

మూడు భావనలు

తేదీ కాలరేఖపై ఒక స్థానం. వ్యవధి కేవలం కొలత. అంతరం నిర్దిష్టమైన ఆరంభం, ముగింపు గల కాలఖండం. రైతు 'మృగశిర కార్తె' అన్నప్పుడు అంతరాన్ని, 'మూడు నెలల పంట' అన్నప్పుడు వ్యవధిని సూచిస్తాడు. అయితే నెల 28 నుండి 31 రోజుల వరకు మారుతుంది గనుక అది స్థిరమైన కొలత కాదు. ఈ కారణంగానే పైథాన్ భాషలోని 'టైమ్‌డెల్టా'లో రోజులు, వారాలు ఉంటాయి గాని నెలలు ఉండవు. జనవరి 31కి ఒక నెల కలిపితే ఎక్సెల్‌లోని 'ఈడేట్' సూత్రం ఫిబ్రవరి చివరి తేదీని ఇస్తుంది. ఆర్ భాషలోని 'లూబ్రిడేట్'లో సాధారణ కూడికతో ఖాళీ విలువ వస్తుంది. కావున ఎరువులు, తడుల షెడ్యూళ్లను నెలలలో కాక రోజులలోనే వ్రాయడం శ్రేయస్కరం.

సంవత్సరం దాటే రబీ పంట

2023 నవంబరు 15న విత్తిన మొక్కజొన్నను 2024 మార్చి 10న కోసినట్లు భావిద్దాం. విత్తిన తేదీ సంవత్సరంలో 319వ రోజు, కోత తేదీ 70వ రోజు. నేరుగా తీసివేస్తే మైనస్ 249 వస్తుంది. 2024 లీపు సంవత్సరమని 366 కలిపితే 117 వస్తుంది, ఇది తప్పు. కలపవలసినది విత్తిన సంవత్సరపు 365 రోజులను. అప్పుడు సరియైన పంటకాలం 116 రోజులు. ఇవే తేదీలకు అంతకు ముందు రబీలో పంటకాలం 115 రోజులే. రోజు సంఖ్యలతో కాక పూర్తి తేదీలతో గణిస్తే ఈ చిక్కు తలెత్తదు.

విత్తిన రోజు సున్నానా, ఒకటా?

పై ఉదాహరణలో విత్తిన రోజును ఒకటిగా లెక్కిస్తే పంటకాలం 117 రోజులవుతుంది. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. అయితే బహుళ కేంద్రాల ప్రయోగాలలో ఒక్కొక్క కేంద్రం ఒక్కొక్క పద్ధతిని అనుసరిస్తే, స్థలప్రభావంగా కనిపించేది లెక్కింపు ప్రభావమే కావచ్చును.

ఉష్ణ దినాంకాల గణనలో ఈ సమస్య మరింత పెరుగుతుంది. గరిష్ఠ ఉష్ణోగ్రత 30, కనిష్ఠం 18, ఆధార ఉష్ణోగ్రత 10 డిగ్రీలైతే ఆ రోజు విలువ 14. మోకాలి ఎత్తు, పూత, గింజ పాలుపోసుకొనే దశల సరిహద్దు రోజును ముందు దశలోను, తరువాతి దశలోను చేర్చితే మూడు సరిహద్దులకు 42 యూనిట్లు అదనంగా చేరతాయి. ఆరంభ దినాన్ని చేర్చి, ముగింపు దినాన్ని వదిలే నియమాన్ని పాటిస్తే దశల మొత్తం పంటకాలంతో సరిపోతుంది.

రోజు ఎప్పుడు మొదలవుతుంది?

మన వాతావరణ కేంద్రాలలో ఉదయం 8.30 గంటలకు కొలిచే వర్షపాతం గడచిన 24 గంటలది. జూన్ 15 తేదీతో నమోదైన వర్షంలో అధిక భాగం జూన్ 14న కురిసినదై ఉండవచ్చును. పైపాటు ఎరువు వేసిన తరువాత వర్షం పడిందా లేదా అని పరిశీలించేటప్పుడు ఇది కీలకం. స్వయంచాలిత పరికరాలు అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని నమోదు చేస్తే, అది భారత కాలమానానికి 5 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. సవరించకుండా రోజువారీ సగటు తీస్తే, ఆ 'రోజు' మన ఉదయం 5.30తో మొదలవుతుంది.

ఆర్ భాషలో రెండు సమయాలను తీసివేసినప్పుడు ఫలితపు ప్రమాణాన్ని ప్రోగ్రామే ఎంచుకొంటుంది. అది గంటలలోనో, రోజులలోనో రావచ్చును. కావున ప్రమాణాన్ని స్పష్టంగా పేర్కొనవలెను.

నమోదులో క్రమశిక్షణ

07-08-2024 అనే తేదీని ఒక కంప్యూటర్ ఆగస్టు 7గా, మరొకటి జూలై 8గా గ్రహిస్తుంది. తేడా 30 రోజులు. రోజు సంఖ్య 12 దాటినప్పుడే ఈ తప్పు బయటపడుతుంది. సంవత్సరం, నెల, రోజు వరుసలో 2024-08-07 అని వ్రాస్తే సందిగ్ధత ఉండదు. ఎక్సెల్‌లో 1900, 1904 అనే రెండు తేదీ పద్ధతులున్నాయి. వాటి మధ్య తేడా 1462 రోజులు. వేర్వేరు ఫైళ్లను కలిపేటప్పుడు దీనిని సరిచూడవలెను.

విశ్లేషణకు ముందు ఫిబ్రవరి 29ని దాటే ఒక పంటను చేతితో లెక్కించి, ప్రోగ్రామ్ ఫలితంతో పోల్చడం విద్యార్థులు అలవరచుకోవలెను. విత్తిన రోజును ఏ సంఖ్యగా తీసుకొన్నదీ, రోజు ఏ గంటతో మొదలయినదీ సిద్ధాంత గ్రంథపు 'పరిశోధనా పద్ధతులు' విభాగంలో ఒక్కొక్క వాక్యంలో పేర్కొంటే, ఆ దత్తాంశాన్ని తరువాతి పరిశోధకులు నిస్సంకోచంగా వినియోగించుకోగలరు.