వ్యాధివార్తను దాచవలదు



కొంతకాలము క్రిందట విశాఖపట్టణమునకు చేరువనున్న యొక గ్రామమున వరిచేలను చూడబోయి, ఒక రైతు పెరటి కొట్టమున ఒక యావును చూచితిమి. దాని యొడలెల్ల గడ్డలు లేచి, కన్నుల నీరు కారుచుండెను. "పశువైద్యునకు చెప్పితిరా?" యని యడుగగా ఆతడు తల వంచుకొని, "అయ్యా, ఎల్లుండి సంత. ఈ మాట పొక్కినచో మా యూరి పశువులను కొనువా రుండరు" అనెను. ఆతని భయము మే మెరుగనిది కాదు. కాని వ్యాధిని దాచినంతమాత్రమున అది కొట్టములో నిలిచియుండదు.

1920వ సంవత్సరమున అప్పటి హిందూదేశమునుండి బ్రెజిలునకు పోవుచుండిన పశువులు నడుమ బెల్జియములోని ఆంట్‌వెర్పు రేవున దిగగా, వానివెంట రిండరుపెస్టు అను పెద్దరోగము ఆ దేశమున ప్రవేశించెను. ఏ రాజ్యమును ఒంటిగా దీని నాపజాలదని గ్రహించి, 1924 జనవరి 25వ తేదీన 28 దేశములు పారిసునందు పశువ్యాధుల అంతర్జాతీయ కార్యాలయమును స్థాపించుట కొడంబడెను. నేటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ యదియే. ఒకచోట వ్యాధి పొడసూపినచో ఆ వార్తను తక్కినవారికి తెలుపుట దాని ముఖ్యధర్మము. ఇది మన సహకారసంఘముల ధర్మమువంటిదే గదా! టీకాలును, కాలమునకు తెలిపిన వార్తలును కలిసి పనిచేయగా, 2011లో రిండరుపెస్టు లోకమునుండియే నిర్మూలమైనదని ప్రకటింపబడెను.

మేము చూచిన గడ్డలు లంపీ చర్మవ్యాధివి. 1929లో ఆఫ్రికాలోని నేటి జాంబియాలో మొదట కనబడిన యీ వ్యాధి 2019లో మన పొరుగున ఒడిశాలో ప్రవేశించి, 2022లో పలు రాష్ట్రముల పశువులను బలిగొనెను. దోమలు, ఈగలు, పిడుదులు దీనిని వ్యాపింపజేయును. అవి పోలేని దూరమునకు సంతలో అమ్ముడుపోయిన పశువు దానిని కొనిపోవును.

పరీక్షకు పట్టణము పోవలెనను కష్టము నేడు తగ్గుచున్నది. 2020లో కోవిడ్ ప్రబలినప్పుడు విశాఖలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వారు, కేంద్ర జీవసాంకేతిక శాఖ తోడ్పాటుతో, చక్రములపై నడచు ప్రయోగశాలను 8 దినములలో నిర్మించిరి. అది మనుష్యులకొరకైనది. అయినను ప్రయోగశాలయే రోగికడకు పోవుట మేలను పాఠము పశువులకును చెల్లును. మన రాష్ట్రమున 2022 మే నెలలో సంచార పశువైద్య వాహనములు బయలుదేరినవి. 1962 సంఖ్యకు టెలిఫోను చేసినచో వాహనము గ్రామమునకే వచ్చును.

కాని పిలువని బండి రాదు. గడ్డగాని, జ్వరముగాని, నోట చొంగగాని కనబడిన దినముననే తెలుపుడు. ఆ పశువును వేరుగా కట్టుడు, మందతో మేపకుడు, అమ్మకుడు. సంఘములకు మా మనవి యొకటి: నిజము చెప్పిన రైతును వెలివానిగా చూడక, ఆతని నష్టమున చేయూత నిండు. అట్లు చేసిననాడు దాచువాడుండడు.

ఆ రైతు మా యెదుటనే టెలిఫోను చేసెను. ఆ వారము ఆ యూరి పశువు లేవియు సంతకు పోలేదు. ఆవు బ్రతికినది. తప్పిన సంత మరల వచ్చును. పోయిన పశువు రాదు.