రొమ్ము తీసేయాలన్నారా? మళ్లీ చేయించుకోవడం గురించి ఎప్పుడు అడగాలి

రొమ్ము క్యాన్సర్ అని తేలింది. రొమ్ము తీసేయాలని డాక్టర్ చెప్పారు. ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టే ముందే ఒక మాట అడగండి: "మళ్లీ రొమ్ము చేసే ఆపరేషన్ నాకు కుదురుతుందా? ఇప్పుడా, తర్వాతా?"

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇదేం అడగడం అని చాలామంది ఊరుకుంటారు. పక్కన కొడుకో అల్లుడో ఉంటే అసలు నోరు పెగలదు. కానీ ఇది సోకు కోసం అడిగే మాట కాదు. ముందే తెలిస్తే చర్మం ఎంతవరకు ఉంచొచ్చో, కోత ఎక్కడ పెట్టాలో సర్జన్ ఆలోచించుకుంటారు. కరపత్రాల్లో మొహమాటంతో 'ఛాతీ' అని రాస్తుంటారు. ఇక్కడ రొమ్ము అనే రాశాం, డాక్టర్ దగ్గర మీరూ అలాగే అనండి.

ఇంకో సంగతి. గడ్డ చిన్నగా ఉంటే చాలామందికి గడ్డ వరకే తీసి, తర్వాత కరెంటు పెడతారు. రొమ్ము నిలుస్తుంది. మీకు అలా వీలవుతుందా అన్నది కూడా అడగండి.

అప్పుడేనా, ఆగాలా?

తీసిన రోజే మళ్లీ చేస్తే ఒకే మత్తు, ఒకే అడ్మిషన్. రొమ్ము లేని ఒంటితో ఇంటికి రావాల్సిన పని ఉండదు. అయితే ఆపరేషన్ పెద్దది అవుతుంది. పుండు మానడం ఆలస్యమైతే కీమో కూడా ఆలస్యం కావచ్చు. క్యాన్సర్ మందు మాత్రం ఆగకూడదు.

ఆపరేషన్ తర్వాత కరెంటు పెట్టాల్సి ఉంటే చాలామంది డాక్టర్లు ఆగమంటారు. కరెంటు తగిలిన చర్మం బిగుసుకుపోతుంది, లోపల పెట్టిన సిలికాన్ ఇంప్లాంట్ చుట్టూ గట్టిపడి నొప్పి రావచ్చు. కరెంటు అయ్యాక కొన్ని నెలలు ఆగి, కడుపు లేదా వీపు కండతో చేయడం అలాంటివారికి నయం. రొమ్మంతా ఎర్రబడి వాచే రకం క్యాన్సర్‌కు వెంటనే చేయరు. షుగర్ ఎక్కువగా ఉన్నవారు ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. బీడీ, చుట్ట తాగేవారు ఆపేయాలి, లేకపోతే అతికించిన కండకు రక్తం సరిగా అందదు.

ఆగితే అవకాశం పోతుందని భయపడకండి. ఏళ్ల కింద రొమ్ము తీయించుకున్నవారు కూడా ఇప్పుడు వెళ్లి అడగొచ్చు. దీనివల్ల క్యాన్సర్ తిరగబెట్టదు. కాకపోతే మునుపటి స్పర్శ రాదు, ఒక్క ఆపరేషన్‌తో పని అయిపోకపోవచ్చు, ఇంప్లాంట్ కూడా జీవితాంతం ఉండేది కాదు.

మీ పని ఏమిటో చెప్పండి

ఇది డాక్టర్లు అడగడం మరచిపోవచ్చు. ఇటిక్యాల, గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్‌కు వెళ్లేవారు, మగ్గం నేసేవారు రోజంతా చేతులు ఆడించాలి. వీపు కండ తీస్తే భుజం బలం కొంత తగ్గొచ్చు. కడుపు కండ తీస్తే వారాల తరబడి బిందె, మూట ఎత్తకూడదు. చంకలో గడ్డలు కూడా తీసి ఉంటే చేయి వాచే ప్రమాదం వేరే ఉంది. కూలి పోయే రోజులు లెక్కేసుకుని, పనుల కాలం దాటాక చేయించుకుంటానంటే తప్పులేదు. అసలు వద్దనుకోవడమూ తప్పు కాదు. జాకెట్ లోపల పెట్టుకునే కృత్రిమ రొమ్ము దొరుకుతుంది, చాలామందికి అదే సరిపోతుంది.

ఆరోగ్యశ్రీ సంగతి

9 డిసెంబర్ 2023 నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. రొమ్ము తీసే ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఇందులో ఉన్నాయి. కానీ ఆస్పత్రి ఏ ఆపరేషన్ పేరు రాసి అనుమతి అడిగితే దానికే మంజూరు వస్తుంది. అందుకే మళ్లీ రొమ్ము చేసే ఆపరేషన్ మీ అనుమతిలో ఉందా, ఇంప్లాంట్ ఖర్చు ఎవరిది అని అడ్మిషన్‌కు ముందే ఆరోగ్యమిత్రను అడగండి. మాటతో సరిపెట్టుకోకుండా కాగితం చూపించమనండి.

ఎర్రవల్లి చౌరస్తాలో హైదరాబాద్ బస్సు ఎక్కే ముందు 104కు ఫోన్ చేయండి. మీరు వెళ్లే ఆస్పత్రిలో ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారా అని కూడా అడగండి. ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్ రెండూ అక్కడే ఉన్నాయి. కర్నూలు మనకు దగ్గరే, కానీ అది ఆంధ్రప్రదేశ్. మన కార్డు అక్కడ చెల్లుతుందో లేదో కనుక్కోకుండా వెళ్లకండి. కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు వెంట ఉంచుకోండి. మీతో వచ్చే మనిషి, వీలైతే, మీరు ఈ మాటలన్నీ సిగ్గుపడకుండా మాట్లాడగలిగే ఆడమనిషి అయితే మేలు.