పిల్లల పంతం, తల్లి తీరు

ఇద్దరు పిల్లలు చోడి అంబలి తాగుతుంటారు. "నాను ముందు తాగేసినాను" అంటుంది ఒకతి. "కాదు, నానే" అంటాడు రెండోవాడు. ఇద్దరూ అమ్మ వైపు చూస్తారు. ఎవరు ముందో అమ్మే చెప్పాలి! పిల్లల పోటీలోకి అమ్మ వచ్చేది ఇలాగే.

మూడు నాలుగేళ్ల పిల్లలకు అన్నిట్లోనూ తామే ముందు. ఓడిపోయినా గెలిచామనే అనుకుంటారు. కాసేపు ఏడ్చి మరిచిపోతారు. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి లెక్క మారుతుంది. పక్కవాళ్లతో తమను నిజంగా పోల్చుకుంటారు. "దానికి తొమ్మిది మార్కులు, నాకు ఏడు" అని తెలుస్తుంది. ఆ రెండు మార్కులూ మనసులో గుచ్చుకుంటాయి. ఇది చెడ్డ బుద్ధి కాదు. పిల్ల ఎదుగుతోందన్న మాట.

అయితే ఆ పోటీ పిల్లల దగ్గరే ఆగదు. తల్లికీ అంటుకుంటుంది. పలాసలో జీడిపిక్కల పని చేసి ఇంటికొచ్చిన తల్లి సంగతి చూడండి. చేతులకు జీడి నలుపు ఇంకా వదల్లేదు. పొయ్యి ముట్టించక ముందే కొడుకు మొదలుపెడతాడు. "పక్కింటోడు వేనెక్కి కాన్వెంటుకి ఎల్తన్నాడు. నాను ఆడికన్నా తక్కువేటి?" అంతవరకు ఆమెకు ఆ ఊసే లేదు. ఆ మాట విన్నాక రాత్రంతా నిద్ర పట్టదు. మర్నాడు పొదుపు సంఘంలో అప్పు అడుగుతుంది. అప్పు చేయడం తప్పు కాదు. కానీ ఆ అప్పు కొడుకు చదువు కోసమా, పక్కింటివాళ్ల ముందు తలెత్తుకోవడం కోసమా? చాలా ఇళ్లలో ఈ రెండూ కలిసిపోతాయి.

ఇంకో సంగతి ఉంది. గట్టిగా అడిగిన బిడ్డకు దొరుకుతుంది. ఊరుకున్న బిడ్డకు దొరకదు. ఊరుకునేది చాలాసార్లు ఆడపిల్లే. తమ్ముణ్ణి ఎత్తుకోవాలి, నీళ్లు తేవాలి. దానికి అడిగే తీరిక ఏది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో యంగ్ లైవ్స్ అనే పరిశీలన మొదలైంది. సుమారు 3,000 మంది పిల్లలు ఎలా పెరుగుతున్నారో ఏళ్ల తరబడి చూశారు. శ్రీకాకుళం జిల్లా పిల్లలు కూడా అందులో ఉన్నారు. డబ్బు కట్టి చదివే బడుల్లో ఆడపిల్లల కంటే మగపిల్లలే ఎక్కువని తేలింది. సర్కారు బడి చెడ్డదని కాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు కొలతలు ఉంటే, చిన్న కొలత దక్కిన పిల్లకు ఆ సంగతి తెలిసిపోతుంది.

ఇక మాటలు. "ఆ గుంటని సూసి నేర్సుకో" అంటుంది తల్లి. బిడ్డ బాగుపడాలనే అంటుంది. కానీ ఆ మాటతో బిడ్డకు చదువు రాదు. ఆ గుంట మీద కోపం వస్తుంది. మార్కులు తగ్గిన రోజు నోటుబుక్కు దాచేస్తుంది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు. ఇంట్లో పోలికలు పెడితే అడ్డు చెప్పేవాళ్లు ఉండరు.

పిల్లలు పొద్దున్న కొట్టుకుని సాయంత్రం కలిసి గోలీలాడుకుంటారు. కుళాయి దగ్గర వాళ్ల తల్లులు మాత్రం వారం రోజులు మాట్లాడుకోరు!

మరి పిల్లల పంతాన్ని అణిచేయాలా? ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి. అక్క బరువులు ఎత్తేది. అది చూసి తానూ ఎత్తుతానంది. ఈ పిల్ల బక్కగా ఉంది, ఎత్తలేదని ఆట నేర్పే నీలంశెట్టి అప్పన్న గారు మొదట అన్నారు. తల్లి శ్యామల వెనక్కి లాగలేదు. కూతురి పక్షాన నిలబడింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ ఆడపిల్లలు కూడా బరువులెత్తుతారు. ఆ ఊరి మత్స సంతోషికి 2014 కామన్వెల్త్ ఆటల్లో వెండి పతకం దక్కింది.

ఈ ఆటలో ఒక కిటుకు ఉంది. పోటీ రోజున ఎదుటి పిల్లతో పోటీ. రోజూ చేసే సాధనలో మాత్రం కొలత తన నిన్నటి బరువే. నిన్న నలభై కిలోలు ఎత్తిన పిల్ల నేడు ఇంకొంచెం ఎత్తాలని చూస్తుంది.

చదువులోనూ అలా చూడవచ్చు. ఇప్పుడు తల్లికీ అక్షరాలు వచ్చు. దసరా నాటి నోటుబుక్కు, సంక్రాంతి నాటి నోటుబుక్కు పక్కపక్కన పెట్టవచ్చు. అప్పుడు వత్తులు తప్పిన పిల్ల ఇప్పుడు సరిగా రాస్తోందా? వేలు పెట్టి చూపిస్తే పిల్లకు తెలుస్తుంది. అన్నకు చూసినట్టే చెల్లెలికీ చూడాలి. పక్కింటి పిల్లకు ఎన్ని వచ్చాయని అడగనక్కర్లేదు. అడగడం మానిన వెంటనే పిల్లలు అన్నీ చెప్పేయరు. కొన్నాళ్లు అనుమానంగా చూస్తారు. తర్వాత ఒకరోజు, మార్కులు తగ్గిన నోటుబుక్కు కూడా తెచ్చి అమ్మ ఒళ్లో పెడతారు.