పిల్లల ఆరోగ్యానికి ప్రత్యేక నిధి

అమ్మాయి పెళ్ళికని దాచిన సొమ్మును ఇంటి ఖర్చులకు ముట్టుకోం. ప్రత్యేక నిధి అంటే అదే.

పుట్టుకతో పాదం వంకరగా ఉన్న బిడ్డకు తొలుత వారం వారం పిండికట్లు మార్చాలి. పాదం సరి అయ్యాక, మళ్ళీ వంకర తిరగకుండా నాలుగైదేళ్ళ వయసు దాకా ప్రత్యేకమైన బూట్లు తొడగాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఇలాంటి లోపాలను కనిపెట్టి చికిత్సకు పంపుతుంది. చికిత్స ఏళ్ళ తరబడి సాగుతుంది. బడ్జెట్ సొమ్ము మాత్రం ఖర్చు కాకపోతే మార్చి 31తో మురిగిపోతుంది.

ఆరోగ్య, విద్యా సెస్సులోని ఆరోగ్యం వాటాకు 2021లో కేంద్రం మురిగిపోని నిధిని ఆమోదించింది. అది అన్ని వయసులవారిదీ. పిల్లలకంటూ విడిగా అలాంటిదొకటి ఉండాలి. వారికి ఓటు లేదు. వారి తరఫున అడగవలసింది మనమే.