ఊరి జట్టు ఎవరి సొత్తు?

చాంద్రాయణగుట్ట దాటి బార్కాసు వైపు పోవు త్రోవలో సాయంకాలము కొంచెము నిలిచి చూచినవారికి ఒక దృశ్యము తప్పక కానవచ్చును. దుమ్ము రేగు మైదానమున పిల్లలు, కొందరు వట్టి కాళ్లతోనే, బంతి వెంట పరుగిడుచుందురు. ఇటీవల మేమచ్చట నిలిచినపుడు వారిలో ఒకడు వెలిసిపోయిన పసుపుపచ్చని చొక్కా తొడిగియుండెను. దానిపై హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ముద్ర ఇంకను గుర్తింపదగియే యున్నది. "ఈ జట్టు ఇపుడెక్కడ ఆడుచున్నది నాయనా?" యని యడిగితిమి. "ఢిల్లీకి పోయింది సాబ్" అని చెప్పి వాడు మరల బంతి వెంట పరుగెత్తెను. ఆ మాటలో కోపము లేదు. పొరుగింట అద్దెకున్నవారు ఖాళీచేసి పోయిరని చెప్పినట్లు చెప్పెను. మాకు బాధ కలిగించినది ఆ నిర్లిప్తతయే.

ఈ నగరమునకు ఫుట్‌బాల్ నిన్న మొన్న వచ్చిన వినోదము కాదు. నిజాము కొలువులోని అరబ్బు సైనికుల బారకాసుల వలన పేరు పొందిన బార్కాసు మొదలు సికింద్రాబాదు కొసవరకును ఈ ఆట వేళ్లూనియున్నది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలోనే భారతదేశము 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఏషియా క్రీడల స్వర్ణపతకములను పొందెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమున నిలిచెను. అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాం, నూర్ మహమ్మదు వంటివారిని దేశమునకిచ్చినది ఈ నగరమే. రహీం గారు 1963లో కాలధర్మము నొందిరి. ఆయన కథను 2024లో చలనచిత్రముగ చూచి ఉత్తరాదివారు ఆశ్చర్యపడిరి. మనవారిలో సయితము పెక్కుమంది అప్పుడే ఆయన పేరు వినిరనుట మనము సిగ్గుపడవలసిన సంగతి.

పిదప శాఖల పోషణ తగ్గెను. పోలీసు జట్టు వైభవము మాసెను. దశాబ్దముల నిస్పృహ పిమ్మట 2019 ఆగస్టులో హైదరాబాదు ఎఫ్‌సీ యను పేర ఒక జట్టు ఇండియన్ సూపర్ లీగున అవతరించెను. మొదటి యేట పట్టికలో అట్టడుగున నిలిచెను. కోవిడు కాలమున లీగంతయు గోవాలోనే జరుగగా, గచ్చిబౌలిలో ఒక్క ఆటయు ఆడకయే మన జట్టు 2022 మార్చి 20వ తేదీన ఫతోర్డా మైదానమున కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో 3-1గా ఓడించి విజేత యయ్యెను. మరుసటి యేడు రెండవ స్థానమును పొందెను. అంతటితో వెలుగు ఆరెను. 2023-24లో ఆటగాండ్ర జీతములు బకాయిపడెను. క్రొత్తవారిని చేర్చుకొనరాదని ఫిఫా నిషేధము విధించెను. ఉన్నవారు ఒక్కరొక్కరుగ వెడలిపోయిరి. ఆ యేటి లీగున ఒక్క ఆట మాత్రమే గెలిచిరి. 2024లో యాజమాన్యము జిందాల్ సంస్థ చేతికి మారెను. 2025 అక్టోబరులో ఆ జట్టు స్థానము ఢిల్లీకి తరలి, పేరు సైతము స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగ మారెను. ఊరి పేరు, రంగులు, కూడబెట్టిన కీర్తి, అన్నియు ఆరేండ్లలో చెరిగిపోయెను.

ఇందు మనము దాచుకొనరాని నిజమొకటి కలదు. 2019లో మనకు ఆ జట్టు వచ్చినది పూణె నగరము తన జట్టును పోగొట్టుకొనుట వలననే. ఆ యేడే ఢిల్లీ డైనమోస్ జట్టు భువనేశ్వరమునకు తరలి ఒడిశా జట్టయ్యెను. నాడు పూణె అభిమానుల దుఃఖమును మనమెవ్వరము తలపలేదు. నేడు మన దుఃఖమును ఢిల్లీవారు తలపకుండుట వింత కాదు. తప్పు ఏ యొక్క యజమానిది మాత్రమే కాదు. జట్టును బండిపై నెక్కించి ఊరూరికి త్రిప్పదగిన సరుకుగ నెంచిన ఏర్పాటుదే అసలు తప్పు.

యజమానులకును ఒక వాదము కలదు. "నష్టము మేము భరించుచున్నాము, జీతములు మేమిచ్చుచున్నాము, టికెట్ల రాబడి ఖర్చులో ఏ మూలకు చాలును?" అని వారందురు. ఈ మాట పూర్తిగ కల్ల కాదు. ధనికుని వదాన్యతపై మాత్రమే నిలిచిన జట్టు అతని మనసు మారిననాడు కూలును. కాని ధనము పెట్టినంతమాత్రమున సర్వాధికారమును కలుగునా? దేవాలయ ధర్మకర్త తన సొమ్ముతో గోపురము కట్టింపవచ్చును. మూలవిరాట్టును పెకలించి పొరుగూరికి తీసికొనిపోవు హక్కు అతనికి లేదు. ఉత్సవవిగ్రహము ఊరేగింపునకు వెడలినను తిరిగి గుడికే రావలెను.

అభిమానికిని కొనుగోలుదారునకును గల భేదమిచ్చటనే యున్నది. బియ్యము బాగులేనిచో మరొక అంగడికి పోవుదుము. జట్టు బాగులేదని మరొక ఊరి జట్టును ప్రేమింపగలమా? యజమానులకు ఈ బలహీనత చక్కగ తెలియును. విదేశములలో ప్రతి యేటను సీజను టికెట్టు తిరిగి తీసికొనవలసిన గడువు వచ్చినపుడు ఇది స్పష్టపడును. ఫలకనుమా స్టేషనులో రైలు సీజను టికెట్టు తీసికొనువానికి రైలు ఎచ్చటికి పోవునో తెలియును. ఫుట్‌బాల్ అభిమాని మాత్రము వచ్చు యేడు ఎవరు ఆడుదురో, ఎవరు శిక్షకుడో తెలియకయే సొమ్ము ముందుగ చెల్లించును. చెల్లింపనిచో తండ్రినాటి నుండి కూర్చున్న స్థానము మరొకరి పాలగును. ఇది వ్యాపారమని పిలువబడుచున్నను నిజమునకు నమ్మకముపై వేసిన పన్ను.

అయినను అభిమానులు నిస్సహాయులు కారు. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూలు జట్టు టికెట్టు ధరను 77 పౌనులకు పెంచదలపగా, వేలాది జనులు ఆట 77వ నిముషమున లేచి వెడలిపోయిరి. కొలది దినములలోనే యజమానులు వెనుకకు తగ్గిరి. వింబుల్డన్ జట్టును మిల్టన్ కీన్సుకు తరలించుటకు 2002లో అనుమతి లభింపగా, అభిమానులు ఆ యేడే తమ సొంత జట్టును స్థాపించి 2011 నాటికి ఇంగ్లీషు లీగునకు చేర్చిరి. జర్మనీలో, కొలది మినహాయింపులు తప్ప, క్లబ్బు ఓట్లలో సగమునకు పైగ సభ్యులకే యుండవలెనను నియమము కలదు. మన దేశముననే, 2020లో మోహన్ బగాన్ పేరునకు ముందు చేర్చిన అక్షరములను తీసివేయవలెనని అభిమానులు పట్టుపట్టి, 2023లో సాధించిరి. ఇంగ్లండు 2025లో చేసిన శాసనము ప్రకారము అచ్చటి క్లబ్బు నియంత్రకుని అనుమతి లేక తన మైదానమును విడిచిపోరాదు.

కావున మేము కోరునవి గొంతెమ్మ కోరికలు కావు. ఊరి పేరున లీగున చేరు ప్రతి యజమానియు ఒక యేటి జీతములకు సరిపడు హామీని ముందుగనే బ్యాంకున నుంచవలెను. సీజను టికెట్ల సొమ్మును వేరు ఖాతాలో నుంచి, ఆట జరిగిన కొలదియే తీసికొనవలెను. జరుగని ఆటకు సొమ్ము తిరిగి ఈయవలెను. యజమాని పోదలచినచో పోవచ్చును. పేరు, రంగులు, గెలుపుల చరిత్ర మాత్రము ఊరికే యుండవలెను. తరలింపునకు ముందు టికెట్టుదారుల సమ్మతి పొందవలెను.

ఇక మన వంతు. ఖాళీ బల్లల నడుమ ఏ జట్టును బ్రదుకదు. ఈ నగరమునందే శ్రీనిధి డెక్కన్ జట్టు 2022-23, 2023-24 రెండేండ్లును ఐ-లీగున రెండవ స్థానమును పొందగా, మనలో ఎందరము పోయి చూచితిమి? భూస్వాములును వర్తకులును పెండ్లి పందిళ్లకు వెచ్చించుదానిలో పదియవ పాలు పేటకొక మైదానమునకు వెచ్చించినచో, వందలమంది కొద్దికొద్దిగ వాటాలు వేసికొని ఒక జట్టును నిలుపుట అసాధ్యము కాదు. ఒక్కని జేబుపై నిలిచినది ఒక్కని సంతకముతో పోవును. వేయిమంది చేతులు మోసినది అంత సులువుగ పోదు.

బార్కాసు మైదానమున ఆ పిల్లవాని చొక్కా త్వరలోనే చినిగిపోవును. దానికి బదులు తొడుగుకొనుటకు వానికి తన ఊరి చొక్కా ఉండునా లేదా యనునది ఢిల్లీలో తేలవలసిన విషయము కాదు. అది ఇచ్చటనే, మన చేతనే తేలవలసియున్నది.