ఇంద్రియాలు: శత్రువులా, సేవకులా?

‘ఇంద్రియ నిగ్రహం’ అన్నమాట మనకు చిన్ననాటినుండి పరిచితమే. కన్ను చూడరానిది చూచినదనీ, నాలుక అనరానిది అన్నదనీ వాటిని నిందిస్తూనే ఉంటాము. నేరం నిజంగా కంటిదేనా, నాలుకదేనా? ఉపనిషత్తులు, గీత, సిక్కు గురువుల వాణి ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానాలను ఒకచోట చేర్చి చూడటం ఉచితం.

ముందు లెక్క చూతాము. చెవి, చర్మం, కన్ను, నాలుక, ముక్కు అన్నవి 5 జ్ఞానేంద్రియాలు. వాక్కు, చేయి, కాలు, పాయువు, ఉపస్థ అన్నవి 5 కర్మేంద్రియాలు. మనస్సుతో కలిపి సాంఖ్యులు 11 అన్నారు. జ్ఞానేంద్రియాలు లోకాన్ని మనలోనికి తెస్తాయి. కర్మేంద్రియాలు మనలను లోకంలోనికి కొనిపోతాయి. ఈ రెంటికీ కూడలి మనస్సు.

కఠోపనిషత్తు శరీరాన్ని రథమన్నది. ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు కళ్ళెం, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు అవి పరుగెత్తే దారులు. గుర్రాలను చంపివేయుమని ఉపనిషత్తు ఎక్కడా చెప్పలేదు. గుర్రాలు లేని రథం కదలదు కదా! సారథి మెలకువతో ఉన్నాడా, లేదా అన్నదే ప్రశ్న.

గీత రెండవ అధ్యాయంలో తాబేటి ఉపమానం కలదు. స్థితప్రజ్ఞుడు తాబేలు అవయవాలను ముడుచుకొన్నట్లు ఇంద్రియాలను విషయాలనుండి మరల్చుకొంటాడు. కాని విషయాలు దూరమైనా వాటిమీది రుచి మిగిలియుంటుందనీ, పరతత్త్వ దర్శనంతోనే అదీ తొలగుననీ గీత వెంటనే హెచ్చరించినది. ఏకాదశినాడు ఉపవాసముండి, మరునాటి పారణకు గారెలా, బూరెలా అని ధ్యానించేవాని సంగతి మనకు తెలియనిది కాదు. కర్మేంద్రియాలను బిగబట్టి మనస్సులో విషయాలను స్మరించేవానిని మూడవ అధ్యాయం మిథ్యాచారుడన్నది.

సిక్కు ధర్మ స్థాపకుడైన గురు నానక్ (1469–1539) గృహస్థుడు. చివరి సంవత్సరాలలో కర్తార్‌పూర్‌లో సేద్యం చేస్తూ జీవించినాడు. ఇంద్రియాలకు వెరచి అడవికి పోవటం ఆయన మార్గం కాదు. కామ, క్రోధ, లోభ, మోహ, అహంకారాలను సిక్కు గురువులు ఐదుగురు దొంగలన్నారు. మన అరిషడ్వర్గానికి ఇవి దగ్గరి చుట్టాలే. దొంగలు దూరినారని ఇంటి వాకిళ్ళను నిందించి ప్రయోజనమేమి? గీత దేహాన్ని తొమ్మిది వాకిళ్ళ పురమన్నది. ఆ తొమ్మిదింటికి మించి పదవ ద్వారమొకటి కలదనీ, అది గురుకృపచేత తెరచుకొంటుందనీ సిక్కు గురువుల బోధ.

మూడవ గురువైన అమర్‌దాస్ రచించిన ‘ఆనంద్ సాహిబ్’లో 40 చరణాలున్నవి. అందులో ఆయన నాలుకను, కన్నులను, చెవులను పేరుపెట్టి పిలిచి, వాటితో ఆప్తునివలె మాట్లాడినాడు. అన్యరుచులతో నాలుక దాహం తీరదనీ, కంటిలోని వెలుగు దైవదత్తమనీ, సత్యాన్ని వినుటకే చెవులు వచ్చినవనీ అందలి భావం. కనిపించే జగమంతా హరిరూపమే అయినప్పుడు కన్ను మూసికొనవలసిన పని లేదు, చూపు మారవలసియున్నది.

ఈ మాట తెలుగువారికి కొత్త కాదు. పోతన భాగవతంలో ప్రహ్లాదుడు హరిసేవకు వినియోగమైన చేతులే చేతులనీ, నాలుకే నాలుకనీ తండ్రికి వివరించినాడు. గురుద్వారాలలో గిన్నెలు కడిగే చేతులనూ, నేల ఊడ్చే చేతులనూ చూచినవారికి ఆ భావం కర్మేంద్రియాలలో ఎట్లు నిలిచినదో తెలుస్తుంది.

ఉపనిషత్తు సారథి జాగరూకతను ప్రధానం చేసినది. సిక్కు గురువులు నామస్మరణను, కృపను ప్రధానం చేసినారు. ఇంద్రియాలు సేవకులే, యజమాని నిద్రపోరాదన్నచోట ఉభయులకూ భేదం లేదు. కంటికి రెప్ప ఉన్నది, చెవికి లేదు. అయినా ఏ కేంద్రాన్ని వినవలెనో నిర్ణయించి రేడియో మీట త్రిప్పేవారము మనమే. ఆపాటి స్వాతంత్ర్యం ప్రతి గృహస్థునికీ ఉన్నది. సాధన అక్కడనే ఆరంభమవుతుంది.